సంఘానికి వెళ్లకుండా క్రీస్తు వెంట నడవొచ్చా? (ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లు చెప్పండి)

మూసీ_ఒడ్డు
అందరికీ వందనాలు. మాది ఒంగోలు, తాతల కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. సండే స్కూల్లో పెరిగాను, యూత్‌లో పాటలు పాడాను, చాలాకాలం సంఘ కమిటీలో ఉన్నాను. కొంతకాలంగా ఏ సంఘానికీ వెళ్లడం లేదు. నమ్మకం పోయి కాదు. మా సంఘం ఆస్తి గొడవ కోర్టుకెక్కింది. ఎన్నికల్లో రెండు వర్గాలయ్యాయి. ఒక ఆదివారం వెళ్లేసరికి గుడి తలుపుకి రెండు తాళాలు, వీళ్లదొకటి, వాళ్లదొకటి. తెల్లచీరలు కట్టుకుని బైబిళ్లు పట్టుకొచ్చిన ముసలమ్మలు ఎండలో మెట్ల మీద కూర్చున్నారు. చివరికి పోలీసులు బయట నిలబడితే లోపల ఆరాధన జరిగింది. ఆ సంఘం పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయను, దయచేసి అడగొద్దు.

ఇప్పుడు తెల్లారుజామునే లేచి మేడ మీద కూర్చుంటాను. ఒక కీర్తన, సువార్తలో కొంచెం, ఆ తర్వాత మౌనంగా ఉండిపోతాను. గుళ్లో కూర్చున్న రోజుల కన్నా ఇప్పుడే ఆయన నాకు దగ్గరగా ఉన్నాడు. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని వేరే సంఘానికి వెళ్తుంది. నన్ను బలవంతం చేయదు గానీ బాధపడుతుంది.

"నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి, రహస్యమందున్న నీ తండ్రికి ప్రార్థన చేయుము" అన్నది యేసే కదా. సమరయ స్త్రీతో ఆ పర్వతం మీదా కాదు, యెరూషలేములోనూ కాదు అన్నదీ ఆయనే. మరి కమిటీ, రిజిస్టరు, చందా పుస్తకం లేకుండా ఆయన శిష్యుడిగా బతకడం తప్పా? తిట్టదలుచుకుంటే తిట్టండి, కాకపోతే వాక్యం చూపించి, ఆలోచించి చెప్పండి.

బెరయ
వందనాలు బ్రదర్. మీ బాధ అర్థమైంది, కానీ నేను సూటిగా చెబుతాను. హెబ్రీ 10:25 "సమాజముగా కూడుట మానక" అంటుంది. దానికి మినహాయింపు లేదు.

ఇంకొకటి చూడండి, లూకా 4. యేసు నజరేతుకి వచ్చి "తన వాడుక చొప్పున" విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడు. వాడుక అన్నాడంటే ఎప్పుడూ వెళ్లేవాడనే అర్థం. ఆ మందిరంలో వాళ్లు ఎట్లాంటివాళ్లు? అదే రోజు ఆయన్ని ఊరి కొండ కొమ్ము దాకా తోసుకెళ్లి తలకిందులుగా పడదోయాలని చూశారు. మీ సంఘంలో అంతకన్నా ఘోరం జరిగిందా? ఆ తర్వాత ఆయన ఏం చేశాడు? 31వ వచనం చదవండి. కపెర్నహూముకి వెళ్లి మళ్లీ విశ్రాంతి దినాన బోధిస్తున్నాడు. మనుషులు చెడ్డవాళ్లని ఆయన కూడుకోవడం మానలేదు.

కావలి_సిస్టర్
బెరయ అన్నా, ఆ 10:25ని గాయపడినవాళ్ల మీద రాయిలా వేయకండి. దాని ముందు వచనం కూడా చదవాలి కదా. ప్రేమ చూపడానికి, సత్కార్యాలు చేయడానికి ఒకరినొకరు పురికొల్పుకోవాలి, అందుకోసం కూడమని. ఆ లేఖ అందుకున్నవాళ్ల ఆస్తి దోచుకున్నారని అదే అధ్యాయం 34లో ఉంది. భయపడి చెదిరిపోతున్నవాళ్లకి ధైర్యం చెప్పడానికి రాసిన మాట అది. హాజరు పట్టీ కోసం రాసింది కాదు.

నేను నర్సుని. ఆదివారం డ్యూటీ పడిందంటే సంఘానికి సెలవే. ఒక రాత్రి ఆపరేషన్ అయిన పెద్దావిడ, ఉలవపాడు వైపు మనిషి, నిద్రపట్టక నా చెయ్యి పట్టుకుని "పాప, ఒక కీర్తన పాడవా" అంది. పక్క మంచాలవాళ్లు లేవకుండా గొంతు తగ్గించి పాడాను. రెండో చరణం నాకు గుర్తు రాలేదు, ఆవిడే అందించింది. ఇద్దరు ముగ్గురు నా నామమున కూడిన చోట ఉంటానన్నాడు కాబట్టి ఆయన అక్కడ ఉన్నాడనే నా నమ్మకం. పాస్టరు గారు లేరు, కానుకల సంచి లేదు. అయితే ఒక్కటి గమనించండి మూసీ గారూ, ఆ చరణం నా ఒక్కదానికి వచ్చేది కాదు.

పెన్నా_తీరం
నేను నెల్లూరు కతోలికుణ్ణి. మా దగ్గర ఒంటరి సాధనకి పెద్ద చరిత్రే ఉంది. సుమారు 270లో ఐగుప్తులో అంతోని అనే యువకుడు ఉన్నదంతా పంచిపెట్టి ఎడారికి వెళ్లాడు. ఏకాంత సన్యాసులందరికీ ఆయన్ని తండ్రిగా చెప్పుకుంటాం. ఆయన్ని ఎడారికి పంపిన మాట ఏదంటే, "నీకు కలిగినవన్నీ అమ్మి బీదలకిమ్ము" అన్న సువార్త వాక్యం. అది ఆయన చెవిన పడింది గుడిలో, అందరి మధ్య చదువుతుంటే. ఆ తర్వాత సుమారు యాభై ఏళ్లకి అదే ఐగుప్తులో పకోమియుస్ అనే ఆయన విడివిడిగా గుడిసెల్లో ఉన్న సాధకుల్ని ఒకచోట చేర్చి మఠం కట్టాడు. ఒక్కడే ఉంటే ఎవరి కాళ్లు కడుగుతాడు? ఈ ప్రశ్న పాతకాలం నుంచీ ఉంది.

అట్లాగని బయట నిలబడినవాళ్లని నేను చులకన చేయను. ఫ్రాన్సులో సిమోన్ వే అనే తత్వవేత్త ఉండేది, 1943లో 34 ఏళ్లకే పోయింది. క్రీస్తుని ప్రాణంగా ప్రేమించి కూడా బాప్తిస్మం ఎందుకు తీసుకోవడం లేదో ఒక గురువుకి ఉత్తరాలు రాసింది. సంఘం ఒక గుంపుగా మారి బయటివాళ్లని తోసేస్తుందని ఆమె భయం, ఆ తోసేసినవాళ్ల పక్కన నిలబడాలని ఆమె కోరిక. మూసీ గారి రెండు తాళాల గుడిని చూసుంటే ఏమనేదో!

కానీ అన్నా, రొట్టె, రసం సంగతేంటి? ప్రార్థన ఒక్కళ్లమే చేసుకోవచ్చు. ప్రభువు బల్ల ఒక్కళ్లమే వేసుకోలేం. మంచంలో ఉన్నవాళ్లకి కూడా మా ఫాదరో, సత్ప్రసాదం ఇచ్చే పరిచారకులో ఇంటికి తీసుకెళ్లాల్సిందే.

పాలెం_కుర్రోడు
నేను కనిగిరి వైపు మాదిగ పాలెంలో పుట్టా. ఇప్పుడు ఒంగోల్లో లాయరుగా ప్రాక్టీసు చేస్తుండా. అన్న అడిగిన ప్రశ్న మంచిదే, కానీ దాన్ని ఎవరు అడగ్గలరో చూడాల.

ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో మా వాళ్లు నమ్ముకున్నప్పుడు మూడు మాటలు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్న సంగతుల్లా ఉంటాయి. కానీ ఆదివారం పనికి రానంటే ఆసామి ఊరుకుంటాడా? ఊరి జాతరలో డప్పు కొట్టనంటే? బావి దగ్గరికి రానీరు, కూలి ఆపేస్తారు, అప్పు పత్రం బయటికి తీస్తారు. ఒక్క మనిషి తన గదిలో తలుపేసుకుని క్రీస్తుని నమ్ముకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ నమ్మకాన్ని సోమవారం పొలంలో నిలబెట్టుకోవాలంటే పాలెం పాలెం ఒక్కమాట మీద ఉండాల్సి వచ్చింది. అసలు తలుపున్న గది మా వాళ్లకి ఎక్కడిది? ఒక్క గుడిసెలో ముసలీ ముతకా, పిల్లలూ, గొడ్డూ.

1876 నుంచి 78 దాకా కరువు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కాంట్రాక్టు పట్టి మా వాళ్లకి పని చూపించాడు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ పైన 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులు, వంతుల వారీగా నీళ్లలో నిలబడి. దాన్ని మందగా మారడం అని ఇప్పటికీ కొందరు ఎగతాళి చేస్తారు. పేరు పెట్టి పిలిపించుకోని మనుషులు ఒక్కొక్కరే పేరు చెప్పి నీళ్లలోకి దిగారని నేనంటాను. వ్యక్తిగతం అంటే ఇంతకన్నా ఏముంది?

ఇంకో సంగతి. రిజిస్టరు లేని విశ్వాసం మీరు ఎంచుకున్నారు. మాకు అది చట్టం పెట్టిన మెలిక. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడని కాగితం మీద ఉంటే మనం వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని పాలేల్లో ఎంతమంది ఆదివారం గుళ్లో కూర్చుని, సభ్యుల పట్టీలో పేరు లేకుండా బతుకుతుండారో నాకు తెలుసు. నా దగ్గరికి సర్టిఫికెట్ కేసులు వస్తాయి కాబట్టి చెప్తుండా. వాళ్లకి సంఘం కావాల, కాగితం వద్దు. మీకు కాగితం ఉంది, సంఘం వద్దంటుండారు.

కోపంతో రాయలేదన్నా. ఒక్క ప్రశ్న. మేడ మీది ప్రార్థన మిమ్మల్ని ఎవరి దగ్గరికి పంపింది?

కందుకూరు_టీచరమ్మ
పాలెం బాబూ, చక్కగా రాశావు. మా అమ్మమ్మ కూడా ఆ మూడు మాటల సంగతి ఇట్టాగే చెప్పేది.

మూసీ నాయనా, మీ ఊరి కొండ గురించే చెప్తాను. 1854 జనవరి 1, తెల్లవారుజామున ఆ కొండెక్కి ఒంగోలు కోసం మోకరించింది నెల్లూరు మిషనరీ జువెట్ దొరగారు, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు. మొత్తం ఐదుగురు. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో మిషనువాళ్లు నెల్లూరు పని మూసేద్దామా అని చర్చించుకున్నారు. పటంలో ఒంటి నక్షత్రంలా మిగిలిన చోటని 'లోన్ స్టార్' పేరు అప్పుడే వచ్చింది. మళ్లీ 1867 జనవరి 1న గానీ ఒంగోలు సంఘం ఏర్పడలేదు, అదీ ఎనిమిది మందితో. అంటే ఆ పదమూడేళ్లు కమిటీ లేదు, కట్టడం లేదు, ప్రార్థన మాత్రం ఉంది. ఇది మీ పక్షాన చెప్తున్నాను.

తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య గారిని కూడా తలుచుకోండి. తోలు పని చేసుకునే మనిషి. క్రీస్తు మాట వినక ముందే దేవుణ్ణి వెతుక్కుంటూ గురువుల దగ్గర యోగం నేర్చుకున్నాడు. కళ్లు మూసుకుని కూర్చోవడం ఆయనకి మనం నేర్పేదేం లేదు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక నాకు దొరికింది చాలని ఇంట్లో కూర్చున్నాడా? పల్లె పల్లె తిరిగి చెప్పాడు. క్లౌ దొరగారు ఆ వైపు గుడారం వేసుకుని వెళ్లేసరికి వినడానికి జనాన్ని సిద్ధంగా ఉంచాడు.

మూసీ_ఒడ్డు
పాలెం తమ్ముడూ, నీ మాట గట్టిగా తగిలింది. గది ఎక్కడిదన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఇటువైపు కూడా చూడు. ఆనాడు బావి దగ్గరికి రానివ్వంది ఊరు. ఇవాళ సమాధుల తోటలోకి రానివ్వనంటున్నది సంఘమే. చందా బాకీ ఉందని, అవతలి వర్గంలో ఉన్నాడని. పెళ్లికి ప్రకటన చదవం అంటారు, పిల్లలకి సంఘం లెటరు ఇవ్వం అంటారు. మా సంఘాల్లో కులాన్ని బట్టి ఓట్లు పడటం నీకు తెలియనిది కాదు. ఆమోసు 5లో "మీ పండుగ దినములను నేను అసహ్యించుకొనుచున్నాను" అని దేవుడే అన్నాడు. ఆయనే అసహ్యించుకున్న చోట నేనెందుకు కూర్చోవాలి?

భక్తసింగ్ గారు, దేవదాసు అయ్యగారు కూడా ఉన్న సంఘాల నుంచి బయటికి వచ్చినవాళ్లే కదా. వాళ్లని భక్తులంటాం, నన్ను జారిపోయినవాడంటాం.

బెరయ
ఆమోసు అక్కడితో ఆపలేదు బ్రదర్. "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి" అన్నాడు. ఆ మాట జనానికి చెప్పడానికి తెకోవ నుంచి బేతేలుకి నడిచి వెళ్లాడు. ఇంట్లో కూర్చుని అనలేదు.

దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చింది 1938లో. వచ్చి బైబిల్ మిషను స్థాపించారు. భక్తసింగ్ గారు 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సహవాసం మొదలుపెట్టారు. జీతం తీసుకునే పాస్టరు లేడు, చాపల మీద కూర్చోవడం, ఆరాధన తర్వాత అందరికీ ప్రేమ విందు. ఇద్దరూ ఒక ఏర్పాటుని వదిలారు, మనుషుల్ని కాదు.

పెన్నా_తీరం
వదలాలని చూసినవాళ్ల చుట్టూ కూడా జనం చేరారు. గుంటూరు జిల్లా మునిపల్లె కె. సుబ్బారావు గారి సంగతి విన్నారా? 1942లో క్రీస్తు దర్శనం అయిందని చెప్పారు. బాప్తిస్మం వద్దు, సంఘం వద్దు, పాదిరి వద్దు, క్రీస్తు చాలు అన్నారు. చివరిదాకా హిందువుగానే ఉన్నారు. స్వస్థత కోసం, ప్రార్థన కోసం ఆయన దగ్గరికి జనం వచ్చారు, పాటలు పాడారు. ఆయన వాదన నాకు ఒప్పుదల కాదు. అయినా సంఘాలు ఆయన అడిగిన ప్రశ్నలు వినుంటే బాగుండేది. బయటికి రాలేనివాళ్లని ఎవరు పట్టించుకున్నారు?

దేవదాసు అయ్యగారి విషయంలో ఒకటి కలుపుతాను. బైబిల్ మిషనువాళ్లు సన్నిధిలో కనిపెట్టడం అంటారు. మౌనంగా, ప్రభువు మాట కోసం ఎదురుచూస్తూ. మా చెల్లెలి అత్తగారింట్లో చూశాను. ఒక్కళ్లే చేస్తారు, పదిమంది కలిసి కూడా చేస్తారు. పదిమంది ఉన్న గదిలో ఆ మౌనం వేరుగా ఉంటుంది. మూసీ గారు మేడ మీద చేస్తున్నది ఎవరూ నిషేధించింది కాదు.

మల్లెమొగ్గ
చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేను పుట్టింది, మెట్టింది హిందూ కుటుంబాల్లోనే. పెళ్లికి ముందు హాస్టల్లో రూమ్మేట్ వల్ల యేసు ప్రభువు తెలిశాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. రాత్రి గిన్నెలు తోమేసి, వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టుకుని చదువుతాను. అత్తయ్య వస్తే వంటల వీడియో పెట్టేస్తాను. మీరంతా వెళ్లాలా వద్దా అని వాదిస్తున్నారు. నాకు ఆ వాదన కూడా దొరకదు. బాప్తిస్మం లేదు, బల్ల లేదు, ఒక్క పాట గొంతెత్తి పాడింది లేదు. నేను ఎవరి లెక్కలోకి వస్తాను?

కందుకూరు_టీచరమ్మ
తల్లీ, నువ్వు ఆయన లెక్కలో ఉన్నావు. యోహాను 19:38 తీసి చదువు. అరిమతయియ యోసేపు యూదుల భయంతో రహస్యంగా శిష్యుడైనవాడని ఉంది. పక్కనే నీకొదేము, మొదట రాత్రివేళ వచ్చినవాడు. బహిరంగంగా వెంట తిరిగినవాళ్లు చెదిరిపోయినప్పుడు ప్రభువు దేహాన్ని దించి, సుగంధ ద్రవ్యాలు పూసి, నారబట్టలు చుట్టింది ఈ ఇద్దరే. వాళ్ల సమయం వచ్చినప్పుడు వాళ్లు వచ్చారు. నీ సమయం ఎవరూ నిర్ణయించకూడదు, నేనైనా సరే.

బెరయ
చెల్లెమ్మా, 10:25 నీ కోసం చెప్పలేదు. అది వెళ్లగలిగీ వెళ్లనివాళ్లకి. నీ కోసం మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో పేరు లేకుండా ప్రార్థిస్తాం.

నిదానం (నిర్వాహకులు)
మల్లెమొగ్గ గారిని ఎవరూ ఊరు, ఫోన్ నంబరు, ఇంటి వివరాలు అడగొద్దు. సందేశాల్లో కూడా అడగొద్దు. అడిగినవాళ్ల ఖాతా ఆపేస్తాం.

కావలి_సిస్టర్
అక్కా, నేను నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో పదకొండు తర్వాత ఇక్కడ ఆన్‌లైన్‌లో ఉంటాను. నువ్వు చదివిన వచనం ఈ చర్చలోనే పెట్టు, నేను కింద ఒక మాట రాస్తాను. పేరు అక్కర్లేదు. రోజూ కుదరకపోయినా పర్వాలేదు.

పాలెం_కుర్రోడు
మూసీ అన్నా, సమాధుల తోట సంగతి నిజమే. అట్టాంటి కేసులు చూశా, సిగ్గుపడ్డా. కులం సంగతీ నిజమే. నేను సంఘాన్ని వెనకేసుకు రావడం లేదు. అక్కడే ఉండి పోట్లాడాలంటుండా. మాకు వేరే చోటు లేదు కాబట్టి మేం పోట్లాడతాం. నా ప్రశ్నకి మాత్రం మీరు జవాబు చెప్పలేదు.

మూసీ_ఒడ్డు
చెప్పాలా వద్దా అని ఆలోచించాను. అవతలి వర్గం పెద్ద ఒకాయన ఉన్నారు. రెండో తాళం వేయించింది ఆయనే. నాకు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించింది కూడా ఆయనే. కొన్ని వారాలుగా మేడ మీద కూర్చుంటే ఆయన పేరే వస్తోంది. "తాను చూచిన తన సహోదరుని ప్రేమింపని వాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు" అన్న వాక్యం ఆయన నేర్పిందే. ఆయనకి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారని విన్నాను. మాట సరిగా రావడం లేదట. ఇంకా వెళ్లలేదు.

మళ్లీ సంఘానికి వెళ్తానని ఇక్కడ మాట ఇవ్వలేను. పెన్నా గారు బల్ల గురించి అన్నది మాత్రం వదలడం లేదు.

కందుకూరు_టీచరమ్మ
ముందు ఆయన్ని చూడ్డానికి వెళ్లు నాయనా. మీ ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లు. కోర్టు మాట, తాళం మాట ఎత్తొద్దు. పక్షవాతం వచ్చినవాళ్లకి మాట రాకపోయినా చాలామందికి పాత పాటలు, కంఠతా వచ్చిన వాక్యాలు నోట వస్తాయి, మా ఆయన దగ్గర చూశాను. కాబట్టి ఆయన నీకు నేర్పిన వాక్యాల్లో ఒకటి నువ్వు మొదలుపెట్టి, ఆగి, ఆయనకి సమయం ఇవ్వు. సాయంత్రాలు ఫిజియోథెరపీ ఉంటుందేమో, ఇంట్లోవాళ్లకి ముందు ఫోన్ చేసి వెళ్లు.